మూడు కొండాపురాలు

నేను చేసే పని మా ఊళ్లో చూపించి చెప్పలేను. "కంప్యూటర్ల పని" అంటే సరేనంటారు గానీ, ఏ కంప్యూటర్లు, ఎక్కడున్నాయి అని అడిగితే వేలుపెట్టి చూపడానికి ఇక్కడ ఒక్కటీ లేదు. కొన్ని ముంబైలో ఉన్నాయి, కొన్ని హైదరాబాదులో, కొన్ని అమెరికాలో వర్జీనియాలో. నేనుండేది నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, కొండాపురంలో. ఇక్కడ కూర్చుని ఆ సర్వర్లలోకి వెళ్లి, నిండిపోయిన డిస్కులు ఖాళీ చేసి, ఆగిపోయిన సర్వీసులు లేపి, ప్యాచ్‌లు వేసి బయటికి వస్తాను. మా టీమంతా చేసేది ఇదే. సర్వర్లు వందల్లో ఉంటాయి. ఒక్కోదానికి ఒక అడ్రసు, ఒక పోర్టు, ఒక యూజర్ పేరు, పాస్‌వర్డో తాళమో ఏదో ఒకటి. వీటన్నిటినీ ఒకచోట పెట్టుకుని, కావలసినప్పుడు కావలసినదాన్ని తెరిచే సాఫ్ట్‌వేరును కనెక్షన్ మేనేజర్ అంటాం. మా టీము వాడే కనెక్షన్ మేనేజర్ తెరను మొదటినుంచీ మళ్లీ డిజైన్ చేసే పని కొన్నాళ్లుగా నా మీద ఉంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

ఇలాంటి తెర అంటే పేర్ల పట్టీ అనుకుంటారు చాలామంది. పేర్లు వరసగా కనపడి, నొక్కగానే తెరుచుకుంటే చాలనుకుంటారు. పది పేర్లున్నప్పుడు చాలు. ఐదొందల పేర్లున్నప్పుడు ఆ పట్టీ మనిషిని మోసం చేయడం మొదలుపెడుతుంది. నొక్కాల్సినదాని పక్కది నొక్కుతాం. నిన్న తెరిచిన కిటికీలోకి ఇవాళ్టి కమాండు కొడతాం. అందుకే, ఈ తెర తొందరగా కలిపిందా లేదా అన్నది నాకు రెండో సంగతి. కలిపాక మనం ఎవరింట్లో ఉన్నామో ప్రతి క్షణం మన కళ్లకు కనపడేలా చెప్పిందా లేదా అన్నది మొదటి సంగతి.

దూరాన ఉన్న పదిచోట్లను ఒకేచోట నుంచి కలపడం, విడదీయడం కంప్యూటర్లతో పుట్టిన పని కాదు. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య ఆపరేటరు లేకుండా నేరుగా కలిపే ఎస్‌టీడీ మొదలయ్యేదాకా మన దేశంలో దూరపు ఫోనంటే ట్రంకు కాలే. ఆ తర్వాత కూడా చిన్న ఊళ్లకు చాలా ఏళ్లు అదే దిక్కు. ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ముందు ఒక బోర్డుండేది. దాన్నిండా వరసల్లో రంధ్రాలు. ఒక్కో రంధ్రం ఒక్కో ఇల్లు, ఒక్కో కొట్టు, ఒక్కో ఆఫీసు. ఎవరైనా ఫోను పిడి తిప్పితే వాళ్ల రంధ్రం దగ్గరున్న చిన్న రేకు మూత టప్పున పడేది. ఆపరేటరు ఒక తీగ అక్కడ గుచ్చి, ఎవరు కావాలో అడిగి, దాని జత తీగను రెండో రంధ్రంలో గుచ్చేవారు. ఏ తీగ ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో కళ్లెదుటే కనపడేది. 1984లో ప్రభుత్వ టెలికాం సంస్థ సీ-డాట్ ఏర్పడి, పల్లెలకు సరిపడే చిన్న డిజిటల్ ఎక్స్ఛేంజిలు తయారుచేయడం మొదలుపెట్టాక ఆ బోర్డులు మెల్లగా కనుమరుగయ్యాయి. పోవలసినవే, వాటి మీద నాకు మోహం లేదు. కానీ వాటికొక గుణముంది. పైనుంచి రెండో వరసలో ఎడమ చివర ఆసుపత్రి ఉందంటే, ఏళ్ల తరబడి అది అక్కడే ఉండేది. ఆపరేటరు చెయ్యి చూడకుండానే అటు పోయేది. మన సాఫ్ట్‌వేరులో కొత్త సర్వరు ఒకటి చేరగానే పట్టీ మొత్తం అక్షరక్రమంలో కిందికి జరుగుతుంది. నిన్న చెయ్యి అలవాటుపడిన చోట ఇవాళ ఇంకొకటి ఉంటుంది. వస్తువు చోటు మారకుండా ఉండడం ఎంత పెద్ద సౌకర్యమో, అది పోయాక గానీ తెలియదు.

మా తరం వాళ్లకు సర్వరులోకి దారి అంటే ఎస్‌ఎస్‌హెచ్. 1995లో ఫిన్లాండులో, హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో పాస్‌వర్డులు దొంగిలిస్తున్నారని తెలిశాక, అక్కడ పరిశోధన చేస్తున్న టాటూ ఇలోనెన్ దాన్ని రాశాడు. అంతకుముందున్న టెల్నెట్‌లో పాస్‌వర్డు తీగ మీద ఉన్నదున్నట్టు పోయేది, దారిలో ఎవరు తొంగిచూసినా కనపడేది. విండోస్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ వాడేవాళ్లందరికీ తెలిసిన పేరు పుట్టీ. సైమన్ టాథమ్ 1999లో దాన్ని జనం ముందు పెట్టాడు, ఇన్నేళ్లుగా ఉచితంగానే ఇస్తున్నాడు. ప్రపంచంలో ఎన్ని సర్వర్లు ఆ చిన్న ఫైలు మీద ఆధారపడి నడిచాయో లెక్కకట్టలేం. అంత గొప్ప సాధనం మొదటి తెరను ఒక్కసారి దగ్గరగా చూడండి. ఒక మూల చిన్న పెట్టెలో మనం దాచుకున్న సెషన్ల పేర్లుంటాయి. ఒక సెషను రంగు మార్చాలనుకోండి. ముందు పేరు మీద నొక్కాలి, తర్వాత లోడ్ నొక్కాలి, ఎడమవైపు రంగుల విభాగానికి పోవాలి, మార్చాలి, మళ్లీ పైకెక్కి సెషను విభాగానికి రావాలి, సేవ్ నొక్కాలి. మధ్యలో లోడ్ మరిచి, పేరు మీద మాత్రమే నొక్కి సేవ్ కొడితే, తెర మీదున్న ఖాళీ వివరాలు పాత వివరాల మీద కూర్చుంటాయి. దాచుకున్నది పోతుంది. పది సెషన్లున్న మనిషికోసం అమర్చిన పెట్టె అది. దాన్ని మూడొందల సెషన్లకు వాడుకున్నది మనం.

విండోస్ సర్వర్ల వైపు కథ ఇంకోలా నడిచింది. 1998లో టెర్మినల్ సర్వర్ వచ్చి, తెర మొత్తాన్నీ దూరం నుంచి చూసే వీలు ఇచ్చింది. అలాంటి తెరలు ఒకటికి పది అయ్యాక, వాటిని ఎడమవైపు చెట్టులా అమర్చి చూపే సాధనాలు పుట్టాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ల రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ మేనేజర్ అలాంటిదే. ఎమ్‌రిమోట్, దాని వారసుడు ఎమ్‌రిమోట్‌ఎన్‌జీ, లినక్సులో రెమ్మినా కూడా ఆ కుటుంబమే. విచిత్రం చూడండి, 2020 మార్చిలో భద్రతా లోపమొకటి బయటపడిందని మైక్రోసాఫ్ట్ ఆ మేనేజర్‌ను సరిచేయకుండా పూర్తిగా వెనక్కి తీసుకుంది. అదే నెల 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆఫీసుల్లో ఉన్నవాళ్లంతా ఇళ్లకు, ఇళ్లలో ఉన్నవాళ్లంతా దూరపు సర్వర్లకు తగులుకోవలసిన నెలలో ఆ పనికే పుట్టిన సాధనం అదృశ్యమైంది. 2021లో మళ్లీ మైక్రోసాఫ్ట్ వాళ్లవే అయిన సిస్‌ఇంటర్నల్స్ పరికరాల్లో ఒకటిగా తిరిగొచ్చింది. ఆ మధ్యకాలంలో ఎవరికి తోచిన ఏర్పాటు వాళ్లు చేసుకున్నారు. మా టీములో ఇప్పటికీ ఆ ఏర్పాట్ల ఆనవాళ్లున్నాయి.

నేను కొండాపురం తిరిగొచ్చింది కూడా ఆ లాక్‌డౌన్ రోజుల్లోనే. మా ప్రాంతం నుంచి చదువుకున్న పిల్లలు హైదరాబాదో బెంగళూరో చెన్నయో పోవడం ఎప్పటినుంచో ఉన్నదే. కలిగిరి, వింజమూరు, ఉదయగిరి ఎక్కడ చూసినా ఇంటికొకరు బయటుంటారు. తిరిగి రావడం అనేది ఆ యేడు కొత్తగా చూశాం. రావడానికి వీలు కలిగించింది తీగే. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయల నుంచి టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఒకే తీగ మీద ఇస్తామన్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబరు లాగారు. తొందరగా ఊళ్లకు చేరడానికి అదే దారి, నేను దాన్ని తప్పు పట్టను. కానీ స్తంభం మీద తీగకు ఎండా గాలీ రెండూ తగులుతాయి. ఏ కంపెనీ తీగైనా సరే, వేసవిలో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే ఊళ్లో పనిచేసే వాళ్లందరి చూపూ రూటరు మీదికే. ఎర్రదీపం వెలిగిందా, పచ్చదీపమేనా?

కొత్త తెర గీయడానికి ముందు, మావాళ్లు పాతదాన్ని ఎలా వాడుతున్నారో చూడాలనుకున్నాను. వీడియో కాల్‌లో వాళ్ల తెర చూపించమని, మామూలుగా పని చేసుకోమని, నేను మాట్లాడకుండా కూర్చున్నాను. చెట్టును పద్ధతిగా కొమ్మకొమ్మ విప్పుకుంటూ పోయేవాళ్లు ఒక్కరూ కనపడలేదు. కస్టమరు పేరు, దాని కింద ఊరు, దాని కింద అది జనం వాడే ప్రాడో, ప్రయోగాలకున్న ప్రీప్రాడో, దాని కింద యంత్రం చేసే పని, అట్టడుగున సర్వరు. ఆఫీసు కాగితం మీద గీస్తే ఎంత అందంగా ఉంటుందో! పని మధ్యలో ఫోను మోగి, ఎవరో "పేమెంట్లు ఆగాయి" అని అరుస్తుంటే ఐదు కొమ్మలు దిగే ఓపిక ఎవరికుంటుంది? ఒకాయన పక్కనే నోట్‌ప్యాడ్ ఫైలు తెరిచి పెట్టుకున్నాడు. రోజూ వెళ్లే సర్వర్లు అందులో ఉన్నాయి, అక్కడినుంచి కాపీ కొట్టి అతికిస్తాడు. కలిగిరి అమ్మాయి ఒకామె రాత్రి షిఫ్టు చేస్తుంది. ఆమె దగ్గర రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఏ సర్వరులో ఏది ఎప్పుడు చెడింది, ఎలా బాగుచేసింది, ఎవరికి ఫోను చేయాలి, అన్నీ తెలుగూ ఇంగ్లీషూ కలిపి రాసుకుంది. "సాఫ్ట్‌వేరులో రాసుకోవచ్చుగా?" అంటే, "రాసేదానికి చోటు యాడుందన్నా అందులో?" అంది. నాకు డిజైన్ పుస్తకాలన్నీ చెప్పనిది ఆ ఒక్క మాట చెప్పింది.

ఇంకో సంగతి కూడా ఆ వీడియోల్లోనే తేలింది. ఒక్కొక్కరి దగ్గరా పొద్దున తెరిచిన ట్యాబులు సాయంత్రానికి ఇరవై ముప్పై అవుతాయి. ట్యాబు సన్నబడే కొద్దీ సాఫ్ట్‌వేరు పేరును చివర కోసేస్తుంది. మా సర్వర్ల పేర్లన్నీ కస్టమరు పేరుతో మొదలై, ప్రాడో ప్రీప్రాడో మధ్యలో వచ్చి, 01, 02 అని ముగుస్తాయి. అంటే తేడా ఉండేదంతా చివరే. కోసేదీ చివరే. పక్కపక్కన ఆరు ట్యాబుల మీద ఒకే ఆరక్షరాలు కనపడతాయి. ఒకటి జనం డబ్బు కట్టే యంత్రం, ఇంకొకటి మేం ప్రయోగాలు చేసుకునే యంత్రం. చూడ్డానికి కవలలు.

పేరొక్కటే నమ్ముకుంటే ఏమవుతుందో మా ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తెలుగు నేల మీద కొండాపురాలు చాలానే ఉంటాయి గానీ, నన్ను రోజూ తికమకపెట్టేవి మూడు. ఒకటి మాది, నెల్లూరు జిల్లా ఉదయగిరి నియోజకవర్గంలోది. రెండోది కడప జిల్లాలో, గండికోట జలాశయం పక్కన, గుంతకల్లు రేణిగుంట రైలు దారిలో. రైలు టికెట్టు కొండాపురానికని తీస్తే దిగేది అక్కడ. మాకు రైలు కావాలంటే కావలికి పోవాల్సిందే. మూడోది హైదరాబాదులో ఐటీ కంపెనీల మధ్యనున్న కొండాపూర్. ఇంగ్లీషులో రాస్తే మాకూ దానికీ చివర రెండక్షరాలే తేడా. "ఎక్కడినుంచి పనిచేస్తున్నారు?" అని మీటింగులో అడిగితే చెబుతాను. "ఓ, కొండాపూరా! ఆఫీసుకు దగ్గరే, రేపొకసారి వచ్చిపొండి" అంటారు. అందుకని మావాళ్లు ఎవరూ ఊరి పేరు ఒంటరిగా చెప్పరు. "కావలి పక్కన కొండాపురం" అంటారు, "కలిగిరి కొండాపురం" అంటారు. పక్క ఊరిని తోడు తెచ్చుకుంటేనే పేరుకు ఉనికి. ఊళ్లకు మనం సహజంగా చేసే ఈ పని సర్వర్లకు చేయం. 01, 02 అని వదిలేస్తాం.

దానికి కట్టిన మూల్యం ప్రపంచమంతా చూసింది. 2017 జనవరి 31 రాత్రి, గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు డేటాబేసు సమస్యతో చాలాసేపు కుస్తీపడుతున్నాడు. లక్షలమంది ప్రోగ్రామర్లు తమ పని దాచుకునే చోటది. అసలు డేటాబేసు పేరు డీబీ1. దాని నకలు డీబీ2. నకలు వెనకబడిపోయింది, దాన్ని శుభ్రంగా చెరిపి మళ్లీ కాపీ చేద్దామనుకున్నాడు. చెరిపే కమాండు కొట్టాడు. ఒకటి రెండు క్షణాల్లోనే తను ఉన్నది డీబీ1లో అని గమనించి ఆపాడు. అప్పటికి సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నరే మిగిలాయి. బ్యాకప్ ఏర్పాట్లు ఒకటికి ఐదున్నా అవసరానికి ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. అదృష్టవశాత్తూ ఆరుగంటల కిందటి నకలొకటి దొరికింది. ఆ ఆరుగంటల్లో చేరిన పని మాత్రం పోయింది. దాదాపు 5,000 ప్రాజెక్టులు, అన్నే కామెంట్లు, 700 కొత్త ఖాతాలు దెబ్బతిన్నాయని వాళ్లే బయటికి చెప్పారు. దాచిపెట్టకుండా, బాగుచేస్తున్న తీరును యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. ఆ ఇంజనీరును బలిచేయలేదు. ఆ సంస్థ మీద నా గౌరవం అందుకే. తర్వాత చేయాల్సిన పనుల జాబితాలో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది: ఏ యంత్రంలో ఉన్నామో స్పష్టంగా తెలిసేలా ప్రతి సర్వరు ప్రాంప్టునూ, అంటే కమాండు కొట్టే చోట ముందు కనపడే గుర్తునూ, మార్చడం.

మనిషి అలసిపోతాడు. రాత్రి పదకొండు దాటాక, ఆకలేసి, కళ్లు మండుతూ ఉన్నవాడికి ఒకటికీ రెండుకూ తేడా కనపడకపోవడం నేరం కాదు. ఆ తేడాను ఒక్క అంకె మీద వదిలేసిన తెరది తప్పు. ఈ మాట నేను ఎక్కడైనా గట్టిగా చెబుతాను.

అందుకని కొత్త తెరలో మేం మొదట గీసింది పట్టీని కాదు, కిటికీ నెత్తిన పెద్ద పలకను. అందులో కస్టమరు, ఊరు, యంత్రం చేసే పని, మామూలు మాటల్లో. "ముంబై, పేమెంట్ల అసలు డేటాబేసు" అని. జనం వాడే యంత్రమైతే పలక ఎర్రగా ఉంటుంది. రంగు ఒక్కటే సరిపోదు. ఎరుపుకూ పచ్చకూ తేడా తెలియని కళ్లు మగవాళ్లలో తక్కువేం కాదు, అడిగితే గానీ బయటపడరు. అందుకని రంగుతోపాటు మాట కూడా ఉంటుంది, పలక మందం కూడా మారుతుంది. ట్యాబు ఇరుకైతే పేరు మొదలు కోస్తాం, చివర ఉంచుతాం. ప్రమాదమైన పని ఏదైనా చేయబోతే "ఖాయమేనా?" అని అడిగే పెట్టె తీసేశాం. ఆ పెట్టెకు అవుననడం చేతికి ఎప్పుడో అలవాటైపోయింది, అది ఇప్పుడు ఎవరినీ ఆపదు. గిట్‌ల్యాబ్ లాంటిదే అయిన గిట్‌హబ్‌లో ఒక ప్రాజెక్టును తుడిచేయాలంటే దాని పేరు మనచేతే టైపు చేయిస్తారు. మేమూ అదే చేశాం. పేరు రాస్తున్నప్పుడు మనిషి ఒక్కసారి ఆ పేరు చదువుతాడు, కావలసింది అంతే.

పట్టీ వరస గురించి చాలా వాదించుకున్నాం. అక్షరక్రమం అంటే అందరికీ న్యాయంగా కనపడుతుంది. కానీ పోస్ట్‌మ్యాన్‌ను చూడండి, బయల్దేరే ముందు ఉత్తరాలను అక్షరక్రమంలో పెట్టుకోడు, తాను నడిచే వీధుల వరసలో పెట్టుకుంటాడు. పొద్దున మా డ్యూటీ కూడా ఒక నడకే. ముందు బ్యాకప్ సర్వర్లు, తర్వాత డేటాబేసులు, తర్వాత రాత్రి ఫిర్యాదులొచ్చినవి. అందుకని ఎవరి నడక వాళ్లు అమర్చుకునే వీలు పెట్టాం. ఒకసారి అమర్చాక ఎన్ని కొత్త సర్వర్లు చేరినా ఆ వరస కదలదు, కొత్తవి అడుగున చేరతాయి. ఒకే సర్వరు రెండు వరసల్లో ఉండొచ్చు. చెట్టులో అది కుదరదు, ఒక ఆకు ఒక కొమ్మకే. గుర్తులు తగిలిస్తే కుదురుతుంది. ఇక తొందరలో ఉన్నవాళ్లకు పైన ఒక వెతుకుడు పెట్టె, అందులో ఏ ముక్క తగిలించినా సరే. పేరులో ముక్కైనా, అడ్రసు చివరి అంకెలైనా, పాత ఫిర్యాదు నంబరైనా.

కొత్త తెరలో తీగ తెగడం గురించి మేం శ్రద్ధ పెట్టడం మాత్రం పల్లెలో కూర్చోబట్టే వచ్చిందనుకుంటాను. పెద్ద ఆఫీసులో కూర్చుని తెర గీసేవాడికి నెట్‌వర్కు ఎప్పుడూ ఉంటుంది. ఉన్నట్టుండి పోవడం అనేది అతని ఊహలో ఎక్కడో మూలనుండే విషయం. మాకు అదే సాయంకాలపు మామూలు. తీగ తెగినప్పుడు చాలా సాధనాల్లో కిటికీ అలాగే నిలబడిపోతుంది. చచ్చిన కిటికీకీ, ఆలోచిస్తున్న కిటికీకీ తేడా ఉండదు. మనం కొట్టిన కమాండు అవతల చేరిందో లేదో తెలియదు. డేటాబేసు మార్చే కమాండు సగంలో ఉన్నప్పుడు ఆ తెలియకపోవడం ఎంత భయంకరమో పడ్డవాళ్లకే తెలుసు. అందుకని పలక మీదే ఒక చిన్న గడియారం పెట్టాం. అవతలి యంత్రం చివరిగా పలికి ఎన్ని సెకన్లయిందో చెబుతుంది. పది దాటితే పలక వెలిసిపోతుంది. ఇంతకన్నా గొప్ప విద్య ఏమీ లేదు అందులో. కానీ మావాళ్లు అన్నిటికన్నా మెచ్చింది దాన్నే.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లున్నారు. 2012లో ఎమ్‌ఐటీలో కీత్ విన్‌స్టీన్, హరి బాలకృష్ణన్ మోష్ అనే సాధనం చేశారు. మామూలు ఎస్‌ఎస్‌హెచ్‌లో మనం కొట్టిన అక్షరం సర్వరు దాకా పోయి తిరిగొచ్చాకే తెర మీద పడుతుంది. లైను మందకొడిగా ఉంటే అక్షరాలు నత్తల్లా వస్తాయి. మోష్ ఆ అక్షరాన్ని ముందే ఊహించి తెర మీద వేస్తుంది, అయితే కింద గీత గీసి వేస్తుంది. సర్వరు ఒప్పుకున్నాక గీత పోతుంది. ఇది నా ఊహ, ఇంకా ఖాయం కాలేదు అని తెర నిజాయితీగా ఒప్పుకోవడం అది. ఇంటి లైను పోయి ఫోను హాట్‌స్పాట్‌కు మారినా సెషను తెగదు, లాప్‌టాప్ మూసి తెరిచినా నడుస్తూనే ఉంటుంది. మా తెరకు అంత శక్తి లేదు. ఆ గీత వెనకున్న ఆలోచన మాత్రం అరువు తెచ్చుకున్నాం. చేరినట్టు రూఢి కాని కమాండు పక్కన చుక్క ఉంటుంది.

విండోస్ సర్వర్లతో ఇంకో తిప్పలుంది. కిటికీ మూసేస్తే బయటికొచ్చేశాం అనుకుంటాం. నిజానికి మన సెషను అవతల అలాగే కూర్చుని ఉంటుంది. నిర్వాహకులకు విండోస్ సర్వరు మామూలుగా ఒకేసారి రెండు సెషన్లే ఇస్తుంది. ఇద్దరు అలా మూసేసి భోజనానికి పోతే, అసలు అవసరమున్న మూడోవాడు గుమ్మంలో నిలబడతాడు. ఎవరు లోపలున్నారో కనుక్కోవడానికి టీము గ్రూపులో "యాడుండావన్నా, ఆ సర్వర్లో నువ్వేనా?" అని సందేశాలు. కొత్త తెరలో మూసే గుర్తు నొక్కితే రెండు దారులు విడివిడిగా కనపడతాయి: సెషను అక్కడే ఉంచి రావడం, పూర్తిగా బయటికి రావడం. వదిలేసి వచ్చిన సెషన్లు ఎడమవైపు పేరు పక్కన మనిషి బొమ్మతో కనపడతాయి, ఎవరివో కూడా.

ఒకే కమాండును ఒకేసారి ముప్పై సర్వర్లకు పంపే సదుపాయాన్ని కొత్త తెరలో ఉంచాలా వద్దా అని చాలా మథనపడ్డాం. ఉంచాం, కాని దాన్ని కష్టం చేశాం. పంపే ముందు ఆ ముప్పై పేర్లూ తెర నిండా పరచి చూపిస్తుంది. అందులో జనం వాడే యంత్రం ఒక్కటున్నా పంపదు, దాన్ని విడిగా చేయమంటుంది. తొందరపెట్టేవాళ్లకు ఇది నచ్చలేదు. నచ్చకపోయినా అలాగే ఉంటుంది.

పాస్‌వర్డుల సంగతి క్లుప్తంగా చెబుతాను. గుంపుకొక తాళం పెడితే కింద ఉన్నవన్నీ దాన్ని వారసత్వంగా తీసుకోవడం ఎమ్‌రిమోట్‌ఎన్‌జీలో ఉంది, మాకూ ఉంది. సుఖమే. కానీ తాళం తిరగనప్పుడు అది ఏ గుంపు నుంచి వచ్చిందో తెర చెప్పాలి. మొదటిసారి కలిసే యంత్రం వేలిముద్ర చూపించి నమ్ముతారా అని ఎస్‌ఎస్‌హెచ్ అడిగినప్పుడు, చదవకుండా అవుననే అలవాటు అందరికీ ఉంది. ఆ వేలిముద్రను టీములో ముందు వెళ్లినవాళ్లు సరిచూశారా లేదా అన్నది ఇప్పుడు పక్కనే రాసి ఉంటుంది.

ఇన్నిటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నోటు. ప్రతి సర్వరు పలక కింద ఒక వరస ఖాళీ వదిలాం. ఏమైనా రాయొచ్చు, ఏ భాషలోనైనా. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్‌లో చేరింది, తెర మీద తెలుగు రాయడానికి ఇప్పుడు అడ్డమేమీ లేదు. అయినా ఆఫీసు సాఫ్ట్‌వేరులో తెలుగు రాయొచ్చని చాలామందికి తోచదు. మొదట రాసింది కలిగిరి అమ్మాయే. నోట్‌బుక్‌లో ఉన్నవి ఒక్కొక్కటిగా ఎక్కించింది. "దీన్ని శుక్రవారం సాయంత్రం ముట్టుకోవద్దు. సోమవారం దాకా లేవదు." "డిస్కు నిండితే ముందు పాత లాగులు చూడు, డేటా జోలికి పోవద్దు." "రీస్టార్ట్ చేశాక ఐదు నిమిషాలు ఓపిక పట్టాలి, రెండోసారి కొట్టకూడదు." ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు రాత్రి షిఫ్టులో ఎవరినీ నిద్రలేపకుండా ఆ వరసలు చదువుకుని పని చేస్తున్నారు. యంత్రం గురించిన జ్ఞానం మనుషుల తలల్లోంచి, ఎవరి బ్యాగులోనో ఉన్న నోట్‌బుక్కులోంచి, పనిచేసే చోటికి వచ్చింది.

అందరూ సంతోషించలేదు. ఏళ్ల తరబడి మౌసు ముట్టకుండా కీబోర్డుతోనే పని చేసే పెద్దవాళ్లు, "ఇంత పెద్ద పలక ఎందుకబ్బా, నా తెర సగం తినేస్తోంది" అన్నారు. వాళ్ల మాటలో న్యాయముంది. వాళ్ల పాత కీలన్నీ యథాతథంగా ఉంచాం, పలకను సన్నం చేసుకునే వీలిచ్చాం. పూర్తిగా తీసేసే వీలు మాత్రం ఇవ్వలేదు. అనుభవమున్న చెయ్యే వేగంగా కదులుతుంది, వేగంగా కదిలే చేతికే పలక ఎక్కువ అవసరం. ఈ విషయంలో మెజారిటీ అభిప్రాయం తీసుకోవాలని నాకనిపించలేదు.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఊళ్లలో ఇళ్లనుంచే ఇలాంటి పని చేస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మీరు వాడే రెమ్మినా, ఎమ్‌రిమోట్‌ఎన్‌జీ, పుట్టీ, మోష్ అన్నీ సోర్సు తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్లే. వాటిని రాసేవాళ్లు మీ ఫిర్యాదు చదువుతారు. గాలికి తీగ తెగినప్పుడు మీ తెర ఏం చేసిందో, ఏ పేరు దగ్గర మీ కన్ను తడబడిందో, ఏ పెట్టెకు అలవాటుగా అవునన్నారో వాళ్లకు రాసి పంపండి, ఇంగ్లీషు అంతంతమాత్రమైనా పర్వాలేదు. కోడ్ రాయగలిగితే ఆ మార్పు మీరే చేసి పంపండి. సన్నటి లైను మీద ఈ సాధనాలు ఎలా ప్రవర్తిస్తాయో మనకు తెలిసినంతగా పెద్ద నగరాల్లోని డిజైనర్లకు తెలియదు, మనం చెప్పేదాకా తెలియదు కూడా.